సగంలో లేచిపోయినవాడు

ఈ నెల తాకట్టు వ్యవహారాల గురించి వ్రాస్తానని గత సంచికలో మాట ఇచ్చాను. ఆ విషయాన్ని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నందుకు పాఠక సోదర సోదరీమణులు మన్నించాలి. మధ్యలో వదిలేసి వెళ్ళేవారిని గురించి వ్రాయబోతూ నేనే మాట దాటవేయడం కొంత విడ్డూరంగానే ఉంది. అయితే నేను మీ అనుమతి అడుగుతున్నాను. అడిగి లేవడానికీ, అడగకుండా లేవడానికీ ఎంత దూరమో ఈ నెలలోనే నాకు తెలిసివచ్చింది.

మా చిన్నబ్బాయి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. ఒక ఆదివారం సాయంత్రం నేను మగ్‌రిబ్ నమాజుకు ఉజూ చేసుకుని వచ్చేసరికి వాడు గది మూలన కూర్చుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఫోనులో ఆటలో మునిగి ఉన్నాడు. పేరు పెట్టి మూడుసార్లు పిలిచాను. మూడోసారి తల ఎత్తకుండానే "ఒక్క అయిదు నిమిషాలు, అబ్బా" అన్నాడు. అజాన్ ముగిసింది. నేను మరేమీ మాట్లాడకుండా వాడి చేతిలోని ఫోను తీసుకుని, స్విచ్చి ఆపి, బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడే గాని ఎదురు చెప్పలేదు. నా వెనకాలే మస్జిదుకు వచ్చాడు. తండ్రిగా నా బాధ్యత నెరవేర్చానన్న తృప్తితో ఆ రాత్రి నిద్రపోయాను. ఆ తృప్తి బుధవారం వరకే నిలిచింది.

బుధవారం రాత్రి మా చెల్లెలు ఫోను చేసింది. ఆమె భర్త చనిపోయి రెండేళ్ళు కావస్తోంది. ఒక్కడే కొడుకు, తొమ్మిదవ తరగతి. "భాయీజాన్, పిల్లల మధ్య ఏమైనా గొడవ జరిగిందా? మూడు రోజులుగా వీడు సరిగా అన్నం తినడం లేదు. ఏమిటని అడిగితే చెప్పడు. రోజూ సాయంత్రం అన్నదమ్ములతో ఆడుకుంటూ నవ్వేవాడు. ఆ నవ్వు ఒక్కటే ఇంట్లో వినబడేది" అంది.

అప్పుడు తెలిసింది నాకు, మా చిన్నవాడు ఆ మూలన కూర్చుని ఎవరితో ఆడుతున్నాడో. నిజామాబాదులో ఉన్న మా అన్నగారి చిన్నకొడుకులిద్దరు, మా చెల్లెలి కొడుకు, వీడు. నలుగురూ ఒక జట్టు. వాడిని పిలిచి అడిగాను. చెప్పాడు. ఆ రోజు ఆట చివరిదశలో ఉందట. చెల్లెలి కొడుకు దెబ్బ తిని కిందపడి ఉన్నాడట. ఆ ఆటలో అలా పడినవాడు తనంతట తాను లేవలేడు. జట్టులో ఒకరు వెళ్ళి కొంతసేపు పక్కన ఉండి లేపాలి. మిగిలిన ఇద్దరూ దూరంగా చిక్కుకుపోయారు. వీడు అతని వైపు పరుగెడుతున్నాడు. "వస్తున్నా, అక్కడే ఉండు" అని చెప్పాడు కూడా. అంతలో నేను ఫోను ఆపివేశాను. అవతల ఆ పిల్లవాడికి కనబడింది ఒక్కటే: తనకోసం వస్తున్న అన్న, నాలుగడుగుల దూరంలో బొమ్మలా నిలిచిపోవడం.

"అంతటితో పోలేదు అబ్బా," అన్నాడు వాడు. "నేను మధ్యలో పారిపోయానని ఆట నాకు శిక్ష వేసింది. ఇది నాలుగోసారి. ఈసారి వారం రోజులు ఆడనివ్వదు. నేను లేకుంటే జట్టులో నాలుగోవాడుగా ముక్కు మొహం తెలియనివాడు వస్తాడు. వాళ్ళు బూతులు తిడతారు. అందుకని తమ్ముడు ఆడటం మానేశాడు."

ఆపైన మెల్లగా ఇంకో మాట అన్నాడు: "ఉహుద్ కొండమీది విలుకాండ్ర పాఠం మీరే కదా చెప్పారు?"

నాకు కోపం వచ్చిన మాట దాచను. దైవప్రవక్త (స) ఏబదిమంది విలుకాండ్రను కొండపై నిలిపి, తాను కబురు పంపేదాకా కదలవద్దని ఆజ్ఞాపించడమెక్కడ, వీళ్ళు బొటనవ్రేళ్ళతో ఆడుకునే ఆటెక్కడ! పవిత్రమైనదానిని చిల్లర సంగతులకు కొలబద్దగా వాడవద్దని గట్టిగానే మందలించాను. కాని పిల్లవాడు వెళ్ళాక నాకు నిద్ర పట్టలేదు. పోలిక పెద్దదే, తప్పే. అయినా వాడి మనసులోని ప్రశ్న చిన్నది కాదు. నలుగురు కలిసి మొదలుపెట్టిన పనిలో ఒకడు మధ్యలో లేస్తే మిగిలిన ముగ్గురి హక్కు ఏమవుతుంది? ఇరవై ఆరేళ్ళుగా మాట నిలబెట్టుకోవడం గురించి పిల్లలకు పాఠం చెబుతున్నవాడిని. నా ఇంట్లోనే ఒక పిల్లవాడి చేత నేను మాట తప్పించాను.

మర్నాడు హైదరాబాదులో ఇంజనీరింగు చదివే మా అన్నగారి పెద్దబ్బాయికి ఫోను చేశాను. "చిచ్చా, మీరు కూడా ఆడటం మొదలుపెట్టారా?" అని నవ్వాడు గాని, తరువాత గంటసేపు ఓపికగా విషయం విడమరచి చెప్పాడు. ఆడేవారికి ఇది తెలిసిన సంగతే. నావంటి తండ్రుల కోసం వ్రాస్తున్నాను.

మన చిన్నప్పుడు వీధిలో ఆడే క్రికెట్టులో ఒక పిల్లవాడిని తల్లి పిలిస్తే వాడు బ్యాటు పడేసి పరుగెత్తేవాడు. గట్టుమీద కూర్చుని చూస్తున్న ఇంకొకడు వాడి స్థానంలో దిగేవాడు. ఆట ఆగేది కాదు. ఎవరి హక్కూ పోయేది కాదు. ఈ ఆటల్లో చాలావాటికి గట్టు లేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్, డోటా 2, కౌంటర్ స్ట్రైక్ పోటీల్లో అయిదుగురికి ఎదురు అయిదుగురు. ఒకసారి మొదలైతే అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట. మధ్యలో ఒకడు పోతే వాడి స్థానం ఖాళీయే. నలుగురు అయిదుగురితో తలపడాలి. పైగా ప్రతి ఒక్కరికీ గెలుపోటములను బట్టి పెరిగే, తరిగే ఒక అంకె ఉంటుంది. చదరంగంలో ఆర్పాడ్ ఎలో అనే ఆచార్యుడు రూపొందించిన లెక్క ఉంది కదా, దాని సంతతే ఇది. ఒకడి పరారీ వల్ల మిగిలినవారి అంకె కూడా పడిపోతుంది. ఓడిపోయేలా ఉన్నప్పుడు లేచిపోతే ఓటమి లెక్కకు రాదనే వెసులుబాటు ఉంటే, ఓటమి అంచుకు వచ్చిన ప్రతివాడూ లేచిపోతాడు; ఇక ఏ ఆటా చివరిదాకా సాగదు. అందుకే ఆటలు తయారుచేసేవారు శిక్షలు పెట్టారు.

ఆ శిక్షల తీరు వింటుంటే నాకు ఫిఖ్‌హ్ తరగతి గుర్తుకువచ్చింది. నిర్ణీత దండనలు కాక, న్యాయమూర్తి తన విచక్షణతో, మనిషిని సరిదిద్దే ఉద్దేశంతో విధించే శిక్షను మన ధర్మశాస్త్రవేత్తలు తాజీర్ అంటారు. తప్పు తీవ్రతను బట్టి, చేసినవాడి స్థితిని బట్టి అది మారుతుంది. ఒక చూపుతో సరిపోయేవాడికి మాట అక్కర్లేదు, మాటతో సరిపోయేవాడికి బెత్తం అక్కర్లేదు. కౌంటర్ స్ట్రైక్‌లో పోటీ మధ్య వదిలిపోయినవాడికి మొదటిసారి ముప్పై నిమిషాలు ఆట మూసివేస్తారు. రెండోసారి రెండు గంటలు, మూడోసారి ఇరవైనాలుగు గంటలు, నాలుగోసారి ఏడు రోజులు. వారంపాటు బుద్ధిగా ఉంటే ఒక మెట్టు కిందికి దిగుతుంది. దిగే మెట్టు ఉండటం నాకు నచ్చింది. పశ్చాత్తాపానికి దారి మూసివేసిన శిక్ష మనిషిని మొండివాడిని చేస్తుంది.

డోటా 2 పద్ధతి వేరు. అక్కడ పదేపదే వదిలిపోయేవారిని మిగిలినవారినుంచి వేరుచేసి, వారిలో వారినే జట్లుగా కలుపుతారు. అక్కడ కొన్ని ఆటలు గెలిస్తేగాని బయటకు రానివ్వరు. ఇది వినగానే నేను నవ్వాను. అల్లరి పిల్లలందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టే ప్రయోగం మా మదరసాలో నేను కూడా చేశాను. ఆ వరుస ఎలా తయారైందో చెప్పనక్కరలేదు. తప్పు చేసినవాడి పక్కన మంచివాడు కూర్చుంటే కొంత ఆశ ఉంటుంది. తప్పు చేసినవాడే కూర్చుంటే ఇద్దరికీ తోడు దొరికినట్టవుతుంది.

లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో చాలాకాలం నడిచిన పద్ధతి అన్నింటికన్నా సబబుగా తోచింది. వదిలిపోయినవాడు మళ్ళీ ఆడదలిస్తే, మొదట అయిదు నిమిషాలు ఖాళీగా కూర్చుని ఎదురుచూడాలి. మళ్ళీ తప్పు చేస్తే పది నిమిషాలు, ఆపైన ఇరవై. ఒక్కసారి కాదు, వరుసగా అయిదు ఆటలకు. ఇతరుల సమయం పాడుచేసినవాడి సమయమే తిరిగి తీసుకోవడం. ఏ జాతి పనికి ఆ జాతి ప్రతిఫలమని మన పెద్దలు చెప్పే సూత్రానికి ఇది దగ్గరగా ఉంది. తరువాత అక్కడా కఠినమైన మెట్లు చేర్చారట; తేలిక శిక్షతో మారనివారు ఎక్కడైనా ఉంటారు.

కాని ఆ శిక్ష వేసేది ఎవరు? యంత్రం. ఇక్కడే నా అసలు చిక్కు.

ఖాజీ బాహ్యాన్ని బట్టి తీర్పు చెబుతాడు, అంతరంగం అల్లాహ్‌కు వదిలివేస్తాడు అని మేము విద్యార్థులకు బోధిస్తాము. యంత్రమూ బాహ్యాన్నే చూస్తుంది. అవతలి ఫోనునుంచి కబురు ఆగిపోయిందా లేదా, అంతే. కోపంతో మూసివేసినవాడు, కరెంటు పోయినవాడు, డేటా ప్యాకు అయిపోయినవాడు, వానకు సిగ్నలు పడిపోయినవాడు, తాతకు గుండెనొప్పి వస్తే ఫోను విసిరేసి పరుగెత్తినవాడు దానికి ఒక్కటే. అయితే ఖాజీ ముందు నిందితుడు నోరు విప్పవచ్చు. సబబు చెప్పవచ్చు, సాక్షిని తేవచ్చు. యంత్రం ముందు ఆ వీలు అరుదు. కొంత గడువిచ్చి, తిరిగి వచ్చి చేరితే క్షమించే ఏర్పాటు చాలా ఆటల్లో ఉంది. డోటా 2లో మొత్తం అయిదు నిమిషాలు లేకుండాపోతే తప్ప వదిలిపోయినట్టు లెక్కించరు. అదీ దాటితే మిగిలినవారు తమకు శిక్ష లేకుండా వెళ్ళిపోవచ్చు. ఇది న్యాయమే. కాని అయిదు నిమిషాల్లో తిరిగిరాని కరెంటు గురించి మన పల్లెల్లో ఎవరికి చెప్పాలి?

మరొక సంగతి కూడా మా అన్నగారి అబ్బాయి చెప్పాడు. తక్కువ ధర ఫోను వేడెక్కి ఆట దానంతటదే మూసుకుపోతుంది. ఖరీదైన ఫోను, ఇంట్లో ఫైబరు తీగ ఉన్న పిల్లవాడికి అలా జరగడం తక్కువ. అంటే శిక్ష మాట అందరికీ ఒకటే అయినా, పడే బరువు మాత్రం పేదపిల్లవాడి మీదనే ఎక్కువ. పారిపోయినవాడని పేరు కూడా వాడికే. చూడటానికి సమానంగా ఉన్న నియమం ఒక్కోసారి ఇలా అసమానంగా తయారవుతుంది.

ఇది వింటున్నప్పుడు నాకు ఒక పాత ముఖం గుర్తుకువచ్చింది. చాలా ఏళ్ళ క్రితం మా మదరసాలో సెలవుల తరువాత ఒకరోజు ఆలస్యంగా వచ్చిన ప్రతి విద్యార్థినీ తరగతి బయట నిలబెట్టే నియమం పెట్టాను. కారణాలు వినను, విన్నకొద్దీ అబద్ధాలు పెరుగుతాయి అని ప్రకటించాను. ఒక పిల్లవాడు రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. నోరు తెరవబోయాడు. నేను వేలు చూపించి బయట నిలబెట్టాను. సాయంత్రం వంటమనిషి చెప్పాడు, వాళ్ళ నాయనమ్మ జనాజా ముగించుకుని వచ్చాడని. కాబట్టి యంత్రాన్ని నేను మరీ నిందించలేను. నేనూ ఒకరోజు యంత్రంగా ఉన్నాను.

యంత్రం కళ్ళు గప్పే విద్య కూడా పిల్లలు నేర్చారు. లేచిపోతే శిక్ష కనుక లేచిపోరు. ఉన్నచోటనే అటూ ఇటూ నాలుగడుగులు వేస్తూ, ఆడుతున్నట్టు కనబడుతూ ఏమీ చేయరు. ఇది కొత్త రోగమేమీ కాదు. 2012 లండన్ ఒలింపిక్సు బాడ్మింటనులో చైనా, దక్షిణ కొరియా, ఇండోనేషియాలకు చెందిన నాలుగు జంటలు తరువాతి దశలో తమకు అనుకూలమైన ప్రత్యర్థి దొరకాలని కావాలని ఓడిపోవడానికి పోటీ పడ్డాయి. ప్రేక్షకులు ఈలలు వేసి గోల చేశారు. చివరికి ఎనిమిదిమందినీ పోటీలనుంచి బహిష్కరించారు. నేరం ఏమిటంటే, గెలవడానికి శాయశక్తులా ప్రయత్నించకపోవడం. ఆ పోటీల్లోనే మన హైదరాబాదు క్రీడాకారిణి గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పల జంట వెంట్రుకవాసి తేడాతో క్వార్టర్ ఫైనలుకు దూరమైంది. వారి వర్గంలోనే జరిగిన మరో ఆటపై మనవాళ్ళు ఫిర్యాదు చేశారు గాని అది నెగ్గలేదు. మైదానంలో ఒళ్ళు ఉండి మనసు లేచిపోయినవాడిని కూడా పట్టుకోవచ్చని, అయితే పట్టుకోవడానికి మనిషి కన్ను కావాలని ఆ ఉదంతం వల్ల తెలుస్తుంది.

ఇక న్యాయమైన కోపంతో లేచిపోయేవారి సంగతి. 2006 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండు, పాకిస్తాను టెస్టు నడుస్తుండగా, పాకిస్తాను ఆటగాళ్ళు బంతిని చెడగొట్టారని అంపైర్లు నిర్ణయించి, అయిదు పరుగుల జరిమానా వేశారు. దొంగలని ముద్ర వేసినట్టు భావించిన ఇంజమాముల్ హక్ జట్టు తేనీటి విరామం తరువాత మైదానంలోకి దిగలేదు. అంపైర్లు ఆటను ఇంగ్లండుకు ఇచ్చేశారు. టెస్టు క్రికెట్టు చరిత్రలో అలా ఆటను వదులుకున్నట్టు ప్రకటించడం అదే మొదటిసారి. తరువాత విచారణ జరిగింది. బంతిని చెడగొట్టారన్న ఆరోపణ నిలవలేదు, ఇంజమామ్ నిర్దోషి. కాని మైదానంలోకి రానందుకు మాత్రం అతనిపై నాలుగు వన్డేల నిషేధం పడింది. 2008లో క్రికెట్టు మండలి ఆ ఆట ఫలితాన్ని డ్రాగా మార్చి, 2009లో మళ్ళీ ఇంగ్లండు గెలుపుగానే పునరుద్ధరించింది. పెద్దలే రెండున్నరేళ్ళు అటూ ఇటూ ఊగిసలాడారు కనుక పిల్లలకు ఇది తేలిక ప్రశ్న అనుకోకూడదు. నాకు మాత్రం ఆ విచారణ రెండు సంగతులను విడదీసి చూడటం సరైనదనిపిస్తుంది. నీకు జరిగిన అన్యాయం వేరు. నీవు లేచిపోవడం వల్ల ఇతరులకు జరిగినది వేరు. మొదటిది రెండవదాన్ని అర్థమయ్యేలా చేస్తుంది గాని చెరిపివేయదు.

ఇప్పుడు మా ఇంటి వ్యాజ్యానికి వస్తాను. ఫర్జ్ నమాజు వేళ మీదికి ఏ ఆటా, ఏ జట్టూ, ఏ వాగ్దానమూ రాదు. ఇందులో సందేహానికి తావులేదు. ఆ సాయంత్రం వాడు లేవవలసిందే. కాని వాడి తప్పు లేవకపోవడంలో మొదలు కాలేదు, కూర్చోవడంలో మొదలైంది. డిసెంబరులో హైదరాబాదు ప్రాంతంలో సూర్యుడు సుమారు 5:45కే అస్తమిస్తాడు, జూన్‌లో అయితే 6:50 దాటుతుంది. అరగంట పట్టే ఆటను అజాన్‌కు పదిహేను నిమిషాల ముందు మొదలుపెట్టినవాడు ఇద్దరికి ఒకే గంటను అమ్మినవాడి వంటివాడు. ఇద్దరిలో ఒకరు మోసపోక తప్పదు. కనుక నమాజు కోసం మధ్యలో లేచినందుకు ఆట వాడికి శిక్ష వేస్తే, ఇస్లాంపై దాడి జరిగినట్టు బాధపడనక్కరలేదు. కొందరు తల్లిదండ్రులు అలా బాధపడటం నేను విన్నాను. ఆ శిక్ష నమాజుకు కాదు, వేళ చూసుకోకుండా ఇతరులకు మాట ఇచ్చినందుకు. దాన్ని కిక్కురుమనకుండా భరించి, జట్టువారిని క్షమాపణ అడగాలి.

అయితే తల్లి పిలుపు? దానికి వేళ ఉండదు కదా! ఇక్కడ జురైజ్ వృత్తాంతం తలచుకోవాలి. హదీసు గ్రంథాల్లో ప్రసిద్ధమైనదే. జురైజ్ తన కుటీరంలో ఆరాధనలో ఉండగా తల్లి వచ్చి పిలిచింది. ప్రభువా, నా తల్లా, నా నమాజా అని లోపల తర్కించుకుని నమాజులోనే ఉండిపోయాడు. ఆమె మనసు నొచ్చుకుని శపించింది. ఆపైన అతనిపై ఘోరమైన నింద పడింది. అల్లాహ్ అతన్ని నిర్దోషిగా బయటపడేసిన మాట నిజమే. అయినా అది నఫిల్ నమాజు కనుక తల్లికి పలకడమే అతనికి తగినదని ఇమాం నవవీ తదితర పండితులు వివరించారు. మునిగిపోతున్నవాడిని కాపాడటానికి నమాజునే వదలాలని మన ఫుఖహాలు చెప్పారు. నఫిల్ నమాజే తల్లి పిలుపుకు దారి ఇస్తే, ఫోనులో ఆట ఏపాటిది? తల్లి అవసరంతో పిలిస్తే ముప్పై నిమిషాల శిక్ష కాదు, ఏడు రోజులదైనా సంతోషంగా తీసుకోవాలి.

తల్లిదండ్రులకు కూడా ఇందులో పాఠం ఉంది. ఇది వ్రాయడమే నాకు కష్టంగా ఉంది. నూర్ సూరా చివరిభాగంలో, దైవప్రవక్త (స)తో ఒక సామూహిక కార్యంలో ఉన్నప్పుడు విశ్వాసులు అనుమతి కోరకుండా వెళ్ళిపోరని, అనుమతి అడిగినవారిలో ఆయన కోరినవారికి ఇవ్వవచ్చని వస్తుంది. చాటుగా జారుకునేవారి ప్రస్తావన కూడా అక్కడే ఉంది. కందకం త్రవ్వే రోజులతో వ్యాఖ్యాతలు ఆ ఆయతులను ముడిపెడతారు. ఆ మహాకార్యాన్ని ఆటతో పోల్చడం లేదు. మా వాడిని మందలించిన నోటితో నేనే ఆ పని చేయను. కాని అందులోని మర్యాద ఎంత సుకుమారమైనదో చూడండి. వెళ్ళే అవసరం ఉంటుందని ఒప్పుకున్నారు. వెళ్ళే పద్ధతిని నేర్పారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఇరవై నిమిషాల తరువాత అయిదుగురిలో నలుగురు ఒప్పుకుంటే ఆటను విరమించే వీలు ఉందని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. సంప్రదించి లేవడం తప్పు కాదని, సంప్రదించకుండా లేవడమే తప్పని ఆ పిల్లల ఆటకు కూడా తెలుసు.

నేను ఆ రోజు మా వాడికి ఆ ఒక్క మాటకు వ్యవధి ఇచ్చి ఉండవలసింది. అయిదు నిమిషాలు కాదు, అర నిమిషం. "అన్నలారా, అబ్బా పిలుస్తున్నారు, వెళ్తున్నాను" అని చెప్పడానికి అర నిమిషం చాలు. జమాఅత్ తప్పేది కాదు. ఫోను బీరువాలోకి వెళ్ళేది. శిక్ష కూడా పడేదేమో, పడనివ్వండి. కాని కిందపడి ఎదురుచూస్తున్న ఒక తండ్రిలేని పిల్లవాడికి, తన అన్న తనను వదిలిపోలేదని, పిలుపు వచ్చి వెళ్ళాడని తెలిసేది.

ఒక మాట స్పష్టం చేయాలి. నేను ఇక్కడ డబ్బు ఒడ్డి ఆడే ఆటల గురించి మాట్లాడటం లేదు. అది జూదం, హరాం. 2025 ఆగస్టులో మన పార్లమెంటు చేసిన చట్టం కూడా అటువంటి ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, పోటీ క్రీడలుగా ఆడేవాటిని వేరుగా గుర్తించింది. అలాగే రాత్రింబగళ్ళు ఆటలో మునిగి చదువు, నిద్ర పాడుచేసుకునే పిల్లల సంగతి వేరే వ్యాసానికి తగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థే దానిని రుగ్మతల జాబితాలో చేర్చింది. అటువంటి పిల్లవాడి చేతినుంచి ఫోను లాక్కున్న తండ్రిని నేను తప్పుపట్టను. నా సంగతి అది కాదు. రోజుకు ఒక అరగంట, సొంత మేనబావలతో.

గురువారం సాయంత్రం చెల్లెలికి ఫోను చేసి, పిల్లవాడికి ఇమ్మన్నాను. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. మదరసాలో రెండు గంటలు ఆగకుండా చెప్పగలిగినవాడిని, తొమ్మిదవ తరగతి పిల్లవాడి ముందు మాటలు తడుముకున్నాను. "బేటా, ఆ రోజు మీ అన్న నిన్ను వదిలి వెళ్ళలేదు. నేనే ఫోను తీసుకున్నాను. వాడికి చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు. తప్పు నాది, నన్ను క్షమించు" అన్నాను.

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"అన్న శిక్ష ఎప్పుడు అయిపోతుంది, మామూ?" అన్నాడు చివరికి.

"ఆదివారం."

"ఆదివారం ఇషా జమాఅత్ మీ మస్జిదులో ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి" అన్నాను.

"అయితే ఎనిమిదిన్నరకు" అన్నాడు వాడు.